ఫిట్స్ ఆగడం లేదా? ఇంకో మాత్ర చేర్చే ముందు చూడవలసినవి

మూర్ఛకు మందులు వాడుతున్న ఇళ్లలో తరచుగా వినిపించే మాట "మందు పని చేయడం లేదు" అన్నదే. దీని వెనుక నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు: వచ్చినది అసలు ఫిట్సే కాకపోవడం, ఫిట్సే అయినా దాని రకాన్ని తప్పుగా గుర్తించడం, రాసిన మందు ఒంటికి సరిగా అందకపోవడం, నిజంగానే మందులకు లొంగని మూర్ఛ కావడం. వీటిని ఈ వరుసలోనే పరిశీలించాలి. వరుస తప్పి నేరుగా మరో మాత్ర చేరిస్తే దుష్ప్రభావాలు పెరుగుతాయి తప్ప ఫిట్స్ తగ్గవు.

సమస్య: కళ్లెదుటే ఫిట్స్ వచ్చింది

మొదట గడియారం చూడాలి. చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి కనుక, ఆలోగా మనం చేయవలసినది మనిషికి దెబ్బ తగలకుండా, ఊపిరికి అడ్డం రాకుండా చూడటమే. తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, గొంతు దగ్గర బిగుతుగా ఉన్నది వదులు చేసి, కుదుపులు తగ్గుతుండగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా గానీ, నీళ్లు గానీ, మాత్ర గానీ పెట్టకూడదు. కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టగానే ఆగిందని చెప్పేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. గుత్తి వెతికి తెచ్చేసరికి అది ఎలాగూ ఆగే వేళ అవుతుంది, అంతే.

అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే రెండోసారి మొదలైనా, గర్భిణికి వచ్చినా, నీళ్లలో ఉండగా వచ్చినా, అదే జీవితంలో మొదటిసారి అయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గతంలో ఎక్కువసేపు ఫిట్స్ వచ్చినవారి కోసం ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రేను డాక్టరు ముందుగానే రాసి ఇస్తారు. ఎన్నిసార్లు కొట్టాలో ఆ డబ్బా మీదే పెన్నుతో రాయించుకోవాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు.

సమస్య: పడిపోయారు, కానీ ఈఈజీ మామూలుగా ఉంది

ఈఈజీ మెదడులోని విద్యుత్తును అరగంటసేపు మాత్రమే చూస్తుంది. ఆ అరగంటలో తేడా ఏదీ కనిపించనంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేము. నిజంగా మూర్ఛ ఉన్నవారిలోనూ మొదటి ఈఈజీ మామూలుగా రావడం చాలా సాధారణం. రాత్రి నిద్ర తగ్గించి, మర్నాడు నిద్రలో కూడా తీస్తే పట్టుబడే అవకాశం పెరుగుతుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది: ఎప్పుడూ ఫిట్స్ రాని మనిషికి ఈఈజీలో చిన్న తేడా కనిపించిందని ఏళ్ల తరబడి మందులు వాడించడం. రోగనిర్ధారణకు ఆధారం కాగితం మీది గీతలకంటే చూసినవారి సాక్ష్యమే.

ఆ సాక్ష్యంలో ఏం ఉండాలి? నిలబడి ఉండగా కళ్లు చీకట్లు కమ్మి, చెమటలు పట్టి, ముఖం పాలిపోయి కూలబడి, నిమిషంలోపే తేరుకుని మామూలుగా మాట్లాడితే అది సొమ్మసిల్లడం కావచ్చు. అందులోనూ చేతులు రెండు మూడు సార్లు ఎగరవచ్చు. నాలుక పక్క అంచు తెగి, మెలకువ వచ్చాక కూడా చాలాసేపు ఎక్కడ ఉన్నదీ తెలియక, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు ఉంటే ఫిట్స్ వైపు మొగ్గాలి. కళ్లు గట్టిగా మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ, ఆగుతూ మొదలవుతూ చాలాసేపు సాగేవి మానసిక ఒత్తిడికి సంబంధించినవి కావచ్చు. అవి నటన కావు, అయితే మూర్ఛ మందులకు తగ్గవు. వాటికి మానసిక చికిత్స కావాలి. ఇంకొకరు దగ్గర ఉన్నప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీయడం, అందులో ముఖమూ కళ్లూ కనిపించేలా చూడటం అన్నిటికంటే ఉపయోగపడే పరీక్ష. గుండె లయ తప్పడం వల్ల పడిపోయేవారూ ఉంటారు కనుక ఈసీజీ తప్పనిసరి.

రెచ్చగొట్టే కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో రెండు ఫిట్స్ వస్తే మూర్ఛ అంటారు. ఒక్కటే వచ్చినా, రానున్న పదేళ్లలో మళ్లీ వచ్చే అవకాశం కనీసం 60 శాతం ఉందని తేలితే కూడా మూర్ఛగానే పరిగణించాలని 2014 నాటి అంతర్జాతీయ నిర్వచనం చెబుతోంది.

సమస్య: మందు మొదలుపెట్టాక ఉదయపు ఉలికిపాట్లు పెరిగాయి

మా మేనకోడలికి పద్నాలుగో ఏట పొద్దున్నే చేతిలోని కాఫీ గ్లాసు జారిపోయేది. ఒకసారి పళ్లు తోముకుంటుంటే బ్రష్షు ఎగిరి అద్దానికి తగిలింది. పరధ్యానమని ఏడాదిపాటు మేమంతా తిట్టాము. శివరాత్రి జాగారం చేసిన మర్నాడు ఉదయం పెద్ద ఫిట్స్ వచ్చింది. గ్లాసు సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. కార్బమజిపిన్ రాశారు, ఉలికిపాట్లు రెట్టింపయ్యాయి.

కౌమారంలో మొదలయ్యే ఈ రకం మూర్ఛలో నిద్ర లేచిన గంటలోపు భుజాలు, చేతులు ఒక్కసారిగా అదురుతాయి. కార్బమజిపిన్, ఆక్స్‌కార్బజిపిన్, ఫెనిటాయిన్ వంటివి ఈ అదురును పెంచవచ్చు. ఇందులో బాగా పని చేసేది వాల్‌ప్రొయేట్ అయినా, ఆడపిల్లల విషయంలో కింద చెప్పబోయే కారణం వల్ల లెవెటిరాసెటామ్ వంటి వాటినే ముందు చూస్తారు. "పొద్దున్నే చేతిలోవి జారిపోతున్నాయా?" అని డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి. నిద్ర విషయంలో వీరికి మినహాయింపు లేదు. జాగారాలు, పరీక్షల ముందు రాత్రి చదువులు మందుతో సమానమైన శ్రద్ధతో మానుకోవలసినవి.

సమస్య: తలంటు పోసుకున్నప్పుడే వస్తోంది

వేడినీళ్లు తల మీద చెంబులతో గబగబా గుమ్మరించుకున్నప్పుడు వచ్చే ఈ మూర్ఛ దక్షిణ భారతంలో, ముఖ్యంగా దక్షిణ కర్ణాటకలో ఎక్కువ. దెయ్యమనీ, దిష్టి అనీ చెప్పి ఏళ్లు గడిపేస్తారు. నీటి వేడి తగ్గించి, ముందు ఒళ్లు తడుపుకుని, చివర తల మీద కొద్దికొద్దిగా పోసుకుంటే చాలామందిలో ఆగిపోతుంది. ఆగనివారికి తలంటుకు ముందు మాత్రమే వేసుకునేలా క్లోబజామ్ రాస్తారు.

సమస్య: స్కానింగ్‌లో చిన్న మచ్చ ఉందన్నారు

మన దేశంలో ఇది చాలావరకు బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడిన తిత్తి కావచ్చు. క్షయ గడ్డ కూడా ఇలాగే కనిపిస్తుంది కనుక తేల్చుకోవాలి. "మేము మాంసమే తినము" అన్నంత మాత్రాన కొట్టిపారేయకూడదు, ఆ గుడ్లు సోకేది కడగని చేతుల నుంచి, పచ్చి కూరల నుంచి. ఆల్బెండజోల్‌ను సొంతంగా కొని మింగకూడదు, చచ్చిన పురుగు చుట్టూ వాపు పెరిగి ఫిట్స్ ఎక్కువవుతాయి. అందుకే దాన్ని స్టెరాయిడ్‌తో కలిపి, పర్యవేక్షణలో ఇస్తారు.

సమస్య: మాత్రలు వేసుకుంటున్నా మళ్లీ వచ్చింది

ముందుగా మాత్రల షీటు లెక్కపెట్టండి. నెలాఖరుకు మిగిలిన మాత్రలే తప్పిన డోసులు, ఎవరినీ నిలదీయనక్కర లేదు. ఉపవాసం రోజున, పెళ్లి ప్రయాణంలో, మందులున్న సంచి బస్సు డిక్కీలో ఉండిపోయిన రాత్రి డోసులు తప్పుతాయి. మరిచిన డోసు గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు గానీ, తర్వాతి డోసు వేళ దగ్గరపడితే రెండూ కలిపి మింగకూడదు.

తర్వాత, కొత్తగా ఏ మందు చేరిందో చూడండి. జ్వరానికో విరేచనాలకో ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, నొప్పులకు ఇచ్చిన ట్రమడాల్ ఫిట్స్‌ను ప్రేరేపించగలవు. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ కొన్ని మూర్ఛ మందుల మోతాదును రక్తంలో తగ్గిస్తుంది, ఐసోనియాజిడ్ పెంచుతుంది. ఊళ్లో ఎవరు మందు ఇచ్చినా మూర్ఛ మందుల చీటీ చూపించిన తర్వాతే తీసుకోవాలి. ఫిట్స్ అదుపులో ఉన్నవారు షాపులో ఇచ్చిన వేరే కంపెనీ మాత్రకు, ముఖ్యంగా ఫెనిటాయిన్ విషయంలో, డాక్టరుకు చెప్పకుండా మారకూడదు.

సమస్య: మందు వల్లే బాధగా ఉంది

కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం డోసు ఎక్కువైందనడానికి గుర్తులు. ఫెనిటాయిన్ ఒక స్థాయి దాటాక కొద్దిగా పెంచినా రక్తంలో విపరీతంగా పెరుగుతుంది, రక్తపరీక్షతో సరిచేయవచ్చు. అదే మందు చిగుళ్లను ఉబ్బిస్తుంది. కోపం, చిరాకు, ఏడుపు కొత్తగా మొదలైతే లెవెటిరాసెటామ్‌ను అనుమానించాలి. చనిపోవాలన్న మాట వస్తే ఆ రోజే డాక్టరును కలవాలి. బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతి వణుకు వాల్‌ప్రొయేట్‌తో వస్తాయి. మాటలు వెతుక్కోవలసి రావడం టోపిరామేట్‌తో. పెద్దవయసువారు కార్బమజిపిన్ వాడుతూ మత్తుగా, అయోమయంగా ఉంటే సోడియం తగ్గిందేమో చూపించాలి.

వీటిలో చూపించడానికి ఆలస్యం చేయకూడనివి రెండు. కార్బమజిపిన్, లామోట్రిజిన్, ఫెనిటాయిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. జ్వరం, నోటి పుండ్లు, కళ్ల ఎరుపు తోడైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. వాల్‌ప్రొయేట్ వాడేవారికి ఆగని వాంతులు, మగత, కామెర్లు వస్తే కాలేయం దెబ్బతింటోందేమో వెంటనే పరీక్ష చేయించాలి. మిగతా బాధలు దేనికీ మందు హఠాత్తుగా మానకూడదు. అలా మానితే ఆగకుండా వరుసగా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

సమస్య: పెళ్లి కుదిరింది, పిల్లల సంగతి ఏమిటి?

గర్భధారణలో వాల్‌ప్రొయేట్ వాడిన తల్లులకు పుట్టిన ప్రతి వందమంది పిల్లల్లో దాదాపు పదిమందికి పుట్టుకతో అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల, నేర్చుకునే సమస్యలు ఉంటాయి. అందువల్ల మందు మార్పు గర్భానికి ముందే, నెమ్మదిగా జరగాలి. గర్భం వచ్చాక భయపడి మానేయడం మరింత ప్రమాదం. ఫోలిక్ యాసిడ్ ముందునుంచే వాడాలి. లామోట్రిజిన్ మోతాదు గర్భంలో రక్తంలో పడిపోతుంది కనుక పరీక్షిస్తూ పెంచాలి. ఇక దాచిపెట్టి పెళ్లి చేయడం గురించి నా అభిప్రాయం ఒక్కటే: దాచిన ఇంట్లో కోడలు మాత్ర కూడా దాచే వేసుకుంటుంది, మొదట తప్పేది ఆ మాత్రే. హిందూ వివాహ చట్టం మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా పేర్కొన్న మాటను 1999లోనే తొలగించారు.

సమస్య: రెండు మందులు మార్చినా తగ్గలేదు

సుమారు మూడింట రెండు వంతులమందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. సరైన మందులు రెండు, సరైన డోసులో, సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. అప్పుడు మూడోది, నాలుగోది చేరుస్తూ ఏళ్లు గడపడం కంటే శస్త్రచికిత్స సాధ్యమేమో తేల్చే కేంద్రానికి వెళ్లాలి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో 1995 నుంచి ఈ చికిత్స జరుగుతోంది. హైదరాబాదులో నిమ్స్ ఉంది. ఈలోగా స్నానాల గదికి గడియ వేయకపోవడం, బావి, చెరువుల వద్దకు ఒంటరిగా వెళ్లకపోవడం, పిట్టగోడ లేని మేడ మీద పడుకోకపోవడం, డాక్టరు సరేననే వరకు బండి నడపకపోవడం తప్పవు. వెళ్లేటప్పుడు పాత చీటీలతో పాటు ఒక కాగితం పట్టుకెళ్లండి: ఏ మందు, ఎంత డోసు వరకు, ఎన్ని నెలలు వాడారు, ఎందుకు ఆపారు. "తగ్గలేదు" అని ఆపినదానికీ, "దద్దుర్లు వచ్చాయి" అని ఆపినదానికీ తేడా తెలిస్తేనే అక్కడి డాక్టరు నిర్ణయం తీసుకోగలరు.