బోర్డు మీద టోపాలజికల్ ఎడ్జ్ మోడ్ రావట్లేదా? ముందు లాంచర్ చూడండి

ఎడ్జ్ మోడ్ అంటే రెండు రకాల సెల్స్ కలిసే గీత (ఇంటర్‌ఫేస్) వెంటే నడిచే మైక్రోవేవ్, లాంచర్ అంటే కేబుల్ నుంచి వచ్చే పవర్‌ని ఆ గీతలోకి ఎక్కించే భాగం. సిమ్యులేషన్‌లో బ్యాండ్‌గ్యాప్ (సెల్స్ లోపల వేవ్ నడవలేని ఫ్రీక్వెన్సీలు) మధ్యలో ఎడ్జ్ మోడ్ చక్కగా కనిపిస్తుంది, బోర్డు చేయించి వీఎన్‌ఏకి (వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్‌కి) కలిపితే ఎస్21, అంటే అవతలి చివరికి చేరే సిగ్నల్, నేలకి అంటుకుని ఉంటుంది, వెంటనే అందరూ యూనిట్ సెల్‌నే (బోర్డు మీద పదే పదే వచ్చే నమూనాని) అనుమానిస్తారు. నా మాట వినండి, ముందు ఎస్11, అంటే గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్, చూడండి. అది 0 డీబీ దగ్గరే ఉంటే పవర్ అసలు లోపలికే వెళ్లట్లేదు. టోపాలజీ దారిలో వేవ్‌ని కాపాడుతుంది గానీ గుమ్మం దగ్గర మ్యాచింగ్ మన పనే. మైక్రోస్ట్రిప్‌లో (కింద గ్రౌండ్, పైన రాగి పట్టీ ఉండే మామూలు లైన్‌లో) ఎలక్ట్రిక్ ఫీల్డ్ స్ట్రిప్ నుంచి గ్రౌండ్‌కి నిలువుగా ఉంటుంది, లైన్ వేవ్ (రెండు సర్ఫేస్‌లు కలిసే గీత వెంట నడిచే వేవ్) లాంటి మోడ్‌లో అది గీతకి అడ్డంగా పడుకుని ఉంటుంది, రెండూ నేరుగా అతికిస్తే కలవవు. మధ్యలో మెల్లగా వెడల్పయ్యే యాంటీపోడల్ స్లాట్‌లైన్ (బోర్డుకి పైన ఒక రేకు, కింద ఒక రేకు ఉండే లైన్) పెట్టండి, ఆ వెడల్పయ్యే భాగం, అంటే టేపర్, పొడుగ్గా ఉంటేనే మంచిది.

ఎస్11 బానే ఉంది, ఎస్21 మాత్రం లేదు అంటే పవర్ గాల్లోకి రేడియేట్ అవుతోంది లేదా సబ్‌స్ట్రేట్ (బోర్డు మెటీరియల్) తినేస్తోంది. మామూలు బోర్డు మెటీరియల్ ఎఫ్ఆర్4 లాస్ టాంజెంట్ (ఎంత పవర్ తినేస్తుందో చెప్పే అంకె) 0.02 దరిదాపుల్లో ఉంటుంది, 10 గిగాహెర్ట్జ్‌లో దాంతో ఈ పని పెట్టుకోకండి.

ఒకే వైపు పోవాల్సిన వేవ్ రెండు వైపులా పోతోందా? ఒక్క ప్రోబ్‌తో రెండు సూడోస్పిన్‌లూ (ఎదురెదురు వైపులకి నడిచే రెండు మోడ్‌లూ) సమానంగా లేస్తాయి. రెండు ప్రోబ్‌లు, సమాన ఆంప్లిట్యూడ్, 90 డిగ్రీల ఫేజ్ తేడా కావాలి, సిగ్నల్‌ని అలా రెండుగా పంచే బ్రాంచ్‌లైన్ కప్లర్ సరిపోతుంది. కానీ కేబుల్స్ పొడవు చూసుకోండి, టెఫ్లాన్ కోయాక్స్‌లో 10 గిగాహెర్ట్జ్ దగ్గర 1 మిల్లీమీటర్ తేడా వస్తే ఫేజ్ 17 డిగ్రీలు తప్పుతుంది.

బ్యాండ్ మొత్తం కిందకి జరిగితే సబ్‌స్ట్రేట్ పర్మిటివిటీ చూడండి: ఉదాహరణకి ఆర్‌ఓ4003సి అనే మైక్రోవేవ్ బోర్డు మెటీరియల్ డేటాషీట్‌లో 3.38 ఉంటుంది, డిజైన్‌కి ఇచ్చేది 3.55, తప్పుది వాడితే 10 గిగాహెర్ట్జ్ దగ్గర 200 మెగాహెర్ట్జ్ దాకా పోవచ్చు.

ఎస్21లో అలలు కనిపిస్తే రెండు చివర్ల లాంచర్ల మధ్య వేవ్ అటూఇటూ కొట్టుకుంటోందని అర్థం, అలల మధ్య ఫ్రీక్వెన్సీ తేడా గ్రూప్ వెలాసిటీని (పవర్ నడిచే వేగాన్ని) ఆ లాంచర్ల మధ్య పొడవుకి రెండింతలతో భాగిస్తే వస్తుంది కాబట్టి లెక్కేసి సరిచూడండి, తర్వాత టేపర్ సరిచేయండి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం: ఎస్21 బాగా వచ్చినా నమ్మేయకండి, ఎందుకంటే ఒక లాంచర్ నుంచి ఇంకోదానికి సిగ్నల్ నేరుగా దూకేస్తుండొచ్చు. గీత మధ్యలో చిన్న అబ్జార్బర్ ముక్క పెట్టండి, ఎస్21 పడిపోకపోతే అది ఎడ్జ్ మోడ్ కాదు. ఇంకా గట్టిగా తేలాలంటే రెండు వైపులా ఒకే సెల్ ఉన్న, అంటే ఇంటర్‌ఫేస్ లేని బోర్డు కూడా కొలిచి పక్కన పెట్టి చూడండి.