రేకు పనిముట్లు మనమే చేసుకుందాం – 4వ పాఠం: నోరు కొయ్యొద్దు, కట్టండి

ఈ పాఠంలో పిడి గురించి చెప్పాలి. కానీ మూడో పాఠం చదివి కప్పు రేకు అంచును పైకి లేపి మడిచే పనిముట్టు చేసినవాళ్లు పంపిన ఫోటోలు చూశాక, పిడి సంగతి కాసేపు ఆగాలనిపించింది. ఒకరి మడత అరటిదొప్పలా గుండ్రంగా తిరిగింది. ఇంకొకరిది రిబ్బు (రేకు మీద పొడవునా లేచి ఉండే గట్టు) మొదట్లో చిరిగింది. గల్ఫ్‌లో షెడ్లు వేసే ఒక తమ్ముడు ‘అన్నా, పిడి రెండు అడుగులు పెట్టినా మడత నిలబడట్లేదు’ అని రాశాడు.

తప్పు నాది. ‘మందం పట్టీ తీసుకుని అంచులో కటింగ్ బిళ్ళతో 20 మి.మీ. లోతు గాడి కొయ్యండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. బిళ్ళ ఎంత మందం ఉండాలో చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా సంచిలో 1 మి.మీ. బిళ్ళలే పెట్టుకుని తిరిగేవాడికి అది చెప్పాల్సిన సంగతి అని తోచలేదు. మీలో చాలామంది ఇంట్లో ఉన్న 3 మి.మీ. బిళ్ళతో కోశారు. చెయ్యి అటూ ఇటూ ఊగి గాడి మూడున్నర అయింది.

ఆ గాడే పనిముట్టుకు నోరు. మూడున్నర మిల్లీమీటర్ల నోట్లో అర మిల్లీమీటరు రేకు పెడితే ఏమవుతుందో చూడండి. మిగిలిన ఖాళీ 3 మి.మీ., లోతు 20 మి.మీ. నోరు రేకును పట్టుకునేలోపే పనిముట్టు దాదాపు 9 డిగ్రీలు ఊరికే తిరుగుతుంది. అడుగు పొడవు పిడి అయితే చివర నాలుగున్నర సెంటీమీటర్లు ఉత్తినే కదులుతుంది. ఆ తమ్ముడి రెండడుగుల పిడికి తొమ్మిది. పిడి పెంచితే బలం పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు ఈ ఊగులాట కూడా కనిపిస్తుంది. మనిషికి చిరాకొచ్చి గట్టిగా లాగుతాడు, రిబ్బు పక్కన రేకు చిరుగుతుంది. నాకొచ్చిన ఫోటోల్లో గుండ్రటి మడతా, చిరుగూ, నిలబడని అంచూ అన్నీ ఈ ఒక్క ఖాళీ చేసిన పనే.

కొత్తగా వచ్చినవాళ్లకు రెండు మాటలు. రిడ్జి (రెండు వాటాలు కలిసే చోట పైన కప్పే రేకు) కింద ఉండే రేకు చివర, రెండు రిబ్బుల మధ్య కాలువలో అంచును పైకి లేపితే, గాలికి ఎదురెక్కే నీళ్లు అక్కడే ఆగిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మా షెడ్డు మీద రేకు ఒక్కటీ ఎగరలేదు. స్క్రూలన్నీ అలాగే ఉన్నాయి. లోపల మాత్రం నడిమధ్యన, రిడ్జి కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గీతలా తడిసింది. వాన పై నుంచి రాలేదు, వాటం మీద ఎదురెక్కి రిడ్జి కింద దూరింది. ఆస్ట్రేలియాలో రేకులు వేసేవాళ్లకు ఈ అంచు లేపడం మామూలు పని, దానికి వేరే పనిముట్టే ఉంటుంది. మన దగ్గర కటింగ్ ప్లేయరుతో నాలుగు చోట్ల మెలితిప్పి ‘అయిపోయింది సార్’ అంటారు.

సరే, నోటి వెడల్పు ఎంత ఉండాలి? రేకు మందానికి 0.3 మి.మీ. కలపండి. ఇక్కడే నాకు ఒళ్లు మండే ప్రశ్న వస్తుంది: ‘మాది 26 గేజి రేకు, ఎంత పెట్టమంటారు?’

గేజి అనేది కొలత కాదు. వరస సంఖ్య. ఏ పట్టికలో వరస అన్నది మీకు దుకాణంలో ఎవరూ చెప్పరు. బ్రిటిష్ తీగ గేజి పట్టికలో 26 అంటే 0.457 మి.మీ. అమెరికా గాల్వనైజ్డ్ రేకుల పట్టికలో అదే 26 అంటే 0.55 మి.మీ. అమెరికా పట్టికలో 28 చూస్తే 0.475 ఉంటుంది. అంటే ఒకరి 28, ఇంకొకరి 26 కంటే మందం! సంఖ్య పెరిగితే మందం తగ్గాలి కదా అని లెక్క వేసుకున్నవాడు ఇక్కడే బోల్తా పడతాడు. కలర్ రేకు అమ్మేవాళ్లు మిల్లీమీటర్లలోనే చెబుతారు కదా అంటారా? అక్కడా అడగాల్సింది ఉంది. ‘0.5’ అంటే లోపలి ఇనుము మందమా, జింకూ రంగూ కలిపిన మందమా? చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు పూత ఉంటే అది మొత్తం 17 మైక్రాన్లు. 275 గ్రాములైతే 38. పైన రంగు సాధారణంగా ఇంకో 20–25. అన్నీ కలిపితే 0.06 మి.మీ. దాకా తేడా వస్తుంది. మనం వదిలే ఖాళీయే 0.3 అయినప్పుడు అందులో ఐదో వంతు ఇలా పోతుంది.

వెర్నియరు (మందం కొలిచే పరికరం) ఉన్నవాళ్లు కొలవండి, కానీ కత్తిరించిన అంచు దగ్గర కాదు. కత్తెర అంచును కొద్దిగా వంచి గరుకు లేపుతుంది. నేను ఒక ముక్కను అంచు మీద కొలిస్తే 0.7 దాటింది, అంగుళం లోపల కొలిస్తే 0.47 వచ్చింది. అదే ముక్క, అదే వెర్నియరు, అదే చెయ్యి. ‘సార్, మా రేకు 0.7 ఉంది, దుకాణంవాడు మంచి సరుకు ఇచ్చాడు’ అని సంబరపడినవాళ్లు మళ్లీ ఒకసారి కొలుచుకోండి.

ఇంత చెప్పాక ఇప్పుడు ఒక మాట. మన కొత్త పనిముట్టుకు వెర్నియరూ అక్కర్లేదు, గేజీ అక్కర్లేదు. ఎందుకంటే నోరు కొయ్యడం మానేస్తున్నాం. కడుతున్నాం.

40 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఎమ్మెస్ (మామూలు ఇనుము) పట్టీలు రెండు తీసుకోండి. ఒక్కోటి 260 మి.మీ. పొడవు. ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింటి మధ్యా చివర్లలో ఆధారం ముక్కలు పెడతాం. ఆ ఆధారం ఏమిటంటే, మీరు కప్పు మీద వెయ్యబోయే ఆ రేకులోంచి కత్తిరించిన ముక్కే. దాని మీద కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా కత్తిరించిన పొరలు మూడు. డబ్బా గోడ ఒక్కోటి సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. రేకు ముక్క, మూడు డబ్బా పొరలు: రేకు మందం, ఇంకో 0.3. లెక్క దానంతటదే కుదిరింది. ఆధారం ముక్క పట్టీ చివర నుంచి సరిగ్గా 20 మి.మీ. వెనక ఆగాలి. ఆ 20 మి.మీ. ఖాళీయే నోటి లోతు, అదే మీ మడత ఎత్తు. ఊగులాట ఇప్పుడు ఒక డిగ్రీ లోపే.

రెండో చివర కూడా ఇంతే, తేడా ఒక్కటే. అక్కడ రేకు ముక్కలు రెండు, డబ్బా పొరలు నాలుగు. ఇది ల్యాపు కోసం, అంటే ఒక రేకు అంచు మీద ఇంకో రేకు కప్పే చోటు కోసం. ల్యాపు పడిన రిబ్బు పక్కన, కింది రేకు కాలు కొన్ని రకాల్లో కాలువలోకి కాస్త వచ్చి ఉంటుంది. అక్కడ రెండు మందాలు. పోయినసారి మీలో కొందరు నోరు అక్కడ దూరలేదని గాడిని ఆకురాయితో పెద్దది చేసేశారు. దాంతో మిగతా కాలువంతా పాడైంది. రెండు చివర్లా నోరున్న పానా ఇంట్లో ఉంటుంది కదా, 10కి ఒక నోరు, 11కి ఒక నోరు. ఇదీ అంతే.

ఒక్కో చివరా రెండు 6 మి.మీ. బోల్టులు, నోటి అంచు నుంచి 30 మి.మీ. వెనక నుంచి మొదలు. కన్నాలు వెయ్యడం, బిగించడం మీకు వచ్చు, చెప్పను. రివిట్లు మాత్రం వద్దు. రేపు వేరే మందం రేకు పని వస్తే ఆధారం మార్చుకోవాలి కదా.

పట్టీలు 3 మి.మీ. చాలవేమో అని అనుమానం వస్తుంది. చాలు. మామూలు కంటే బాగా గట్టిగా ఉండే, 550 మెగాపాస్కల్ రకం రేకు తీసుకున్నా, 0.5 మి.మీ. మందాన్ని 40 మి.మీ. వెడల్పున మడవడానికి కావలసిన తిప్పుడు బలం సుమారు 1.4 న్యూటన్ మీటర్లు. నోటి నుంచి 150 మి.మీ. దూరంలో చెయ్యి ఉంటే కిలో బరువు ఎత్తినంత. పక్కన రేకు, రిబ్బు గుంజేది కలుపుకున్నా రెండు మూడు కిలోలు. దీనికి రెండడుగుల పిడి ఎందుకు? ల్యాపు దగ్గర రెండు రేకులకు బలం రెండింతలే కావాలి, నాలుగింతలు కాదు. మందం రెట్టింపైన ఒకే రేకుకు నాలుగింతలు కావాలి. విడివిడిగా ఒకదాని మీద ఒకటి జారే రెండు రేకులకు ఆ లెక్క వర్తించదు.

అందుకే వేరే పిడి లేదు. పట్టీల నడిమి భాగమే పిడి. పాత సైకిల్ ట్యూబు బిగించి చుట్టండి. చేతొడుగులు వేసుకుని పట్టుకున్నా జారదు. నాకు ప్లాస్టిక్ పిడులు పడవు, ఎండలో కప్పు మీద వాటి సంగతి మీకూ తెలుసు.

బిగించే ముందు రెండు పనులు. మొదటిది, చివర నుంచి 60 మి.మీ. దగ్గర రెండు పట్టీలనూ కలిపి వైస్‌లో పెట్టి 30 డిగ్రీలు వంచండి. మధ్యలో ఆధారం ముక్కలు పెట్టే వంచాలి, లేకపోతే తర్వాత కూర్చోవు. రెండు చివర్లూ ఒకే పక్కకు. బల్ల మీద పెడితే దోనెలా కనిపించాలి. ఎందుకంటే, అడుగుకు రెండు అంగుళాల వాటం ఉన్న కప్పు మీద పనిముట్టు తిన్నగా ఉంటే వేళ్ల కణుపులు అవతలి వాటం రేకుకు గీసుకుంటాయి. నా కుడిచేతి మీద ఇంకా ఆ గుర్తు ఉంది. రెండోది, నోటి లోపలి అంచుల్ని ఆకురాయితో గుండ్రంగా తీయండి, తర్వాత దూది రుద్దండి. ఒక్క పోగు తగులుకున్నా ఆ అంచు జింకును గీరేస్తుంది, రెండు వానాకాలాల్లో మడత గీత వెంట ఎర్రగా తుప్పు కనిపిస్తుంది.

వాడేటప్పుడు ఒకేచోట పూర్తిగా లేపేయకండి. కాలువ ఈ పక్క నుంచి ఆ పక్కకు పాతిక డిగ్రీల చొప్పున జరుగుతూ వెళ్లి, మళ్లీ మొదటికి రండి. మూడు నాలుగు విడతల్లో 80 డిగ్రీలకు తేవాలి. గట్టి రేకు కొంచెం వెనక్కి లేస్తుంది, కాబట్టి 85 దాకా తీసుకెళ్లి వదలండి. రిబ్బు మొదట్లో మూల అంగుళం మెత్తగా వదిలేయాలి, అక్కడ పట్టుబడితే చిరుగుతుంది. కాలువలో సన్నటి గీతల్లాంటి చిన్న రిబ్బులు ఉన్న రేకైతే పట్టీ వెడల్పును ఆ గీతల మధ్య చదునుకు సరిపోయేలా తగ్గించుకోండి. గీతకు అటూ ఇటూ లేపితే అది దానంతటదే చదునవుతుంది. చూరు వైపు ఇదే పనిముట్టుతో అంచును 20 డిగ్రీలు కిందికి దించితే నీళ్లు రేకు అడుగున పాకి లోపలికి రావు. అలల రేకుకు ఇది పనికిరాదు, దానికి నోరే వంపుగా ఉండాలి. సిమెంటు రేకుకు అసలే కాదు. అడిగారు కాబట్టి చెబుతున్నా.

అభ్యాసం. మూడడుగుల రేకు ముక్క తీసుకుని, దాని పైచివర సగం కాలువలకు మడత పెట్టండి, సగం వదిలేయండి. అడుగుకు రెండు అంగుళాల వాటంలో ఇటుకల మీద ఆనించండి. పైచివర మీద రిడ్జి ముక్క కప్పి, దాని వెనక నేల మీద పాత వార్తాపత్రిక పరవండి. ఇప్పుడు కింది వైపు నిలబడి, కింది నుంచి పైకి, మగ్గుతో గట్టిగా కొట్టండి, పది నిమిషాలు. ఒక బకెట్టు చాలదు, మూడు పెట్టుకోండి. ఆధారంలో డబ్బా పొరలు ఒకటి, మూడు, ఆరు చొప్పున మార్చి మళ్లీ మడవండి, మళ్లీ కొట్టండి. ప్రతిసారీ కొత్త ముక్కే వాడాలి, ఒకసారి మడిచినదాన్ని విప్పి మడిస్తే గీత దగ్గర పగులుతుంది. పంపేటప్పుడు మడత ఫోటో వద్దు, తడిసిన పత్రిక ఫోటో పంపండి. ఏ కాలువ ఎదురుగా తడిసిందో పెన్నుతో గుర్తుపెట్టి.