కడుపు పాడైనప్పుడు ఏది ముందు, ఏది తర్వాత

మా ఇంట్లో ఎవరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నా పథ్యం చూసే పని నాదే. అందరూ "ఏం తినాలి?" అని అడుగుతారు. అంతకంటే ఏది ముందు, ఏది తర్వాత, ఎంత అన్నవే నాకు ముఖ్యం.

వాంతి అయిన వెంటనే ఏమీ ఇవ్వను. పది పదిహేను నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా ఓఆర్‌ఎస్ మొదలుపెడతాను. దాహం ఎంత ఉన్నా గ్లాసుడు గటగటా తాగితే మళ్లీ వాంతి అయ్యే అవకాశం ఎక్కువ. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపాలి. టీస్పూను తలకొట్టి కొలవాలి, ఉజ్జాయింపు పనికిరాదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీరు లాగి విరేచనాలు పెంచుతుంది, అందుకే కూల్‌డ్రింకులూ వద్దు.

నీళ్లు నిలిచి కాస్త ఆకలి అనిపించాక గంజి. గుప్పెడు బియ్యం కడిగి, ఎనిమిది రెట్లు నీళ్లు పోసి సన్నని మంట మీద ఉడికిస్తాను. గింజ పగిలితే చాలదు, రెండు వేళ్ల మధ్య నలిపితే లోపల పలుకు తగలకూడదు. చిటికెడు ఉప్పు వేసి, గోరువెచ్చగా అయ్యాక నాలుగైదు చెంచాలు పెట్టి, అరగంట చూస్తాను. గొడవేమీ లేకపోతే ఇంకాస్త. బలం కోసమని వెన్న కలపకండి. కొవ్వు ఉన్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, వికారం తిరగబెడుతుంది.

ఇంకో మాట. మిగిలిన గంజిని గంటల తరబడి బయట వదిలేయొద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో అవి పెరిగి విషం తయారుచేస్తాయి, తిరిగి మరిగించినా ఆ విషం పోదు. ఏ పూటకు ఆ పూట కొంచెమే చేసుకోండి.

గంజి ఒంటబట్టాక బాగా పండిన అరటిపండు, తొక్క తీసి ఉడికించిన ఆపిల్, మెత్తగా చిదిమిన బంగాళాదుంప, ఏమీ రాయని టోస్ట్. విరేచనాల్లో పోయిన పొటాషియం అరటిపండు, బంగాళాదుంపల నుంచి కొంత తిరిగొస్తుంది. పాలు కొన్నాళ్లు ఆపడం మంచిది. పేగు లోపలి పొర దెబ్బతింటే పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. పెరుగు చాలామందికి పడుతుంది. చంటిబిడ్డకు మాత్రం తల్లిపాలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు.

విరేచనంలో రక్తం పడినా, నల్లగా వెళ్లినా, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, చెంచాడు నీళ్లు కూడా నిలవకపోయినా ఇక వంటింటి వైద్యం చాలు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పసిపిల్లలు, వృద్ధులు అయితే అంతవరకు కూడా ఆగొద్దు.

భయపడి రోజుల తరబడి గంజి, టోస్ట్ మీదే ఉండిపోవడం నాకు నచ్చదు. అందులో ప్రోటీన్ చాలా తక్కువ, మనిషి నీరసపడిపోతాడు. ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటున్నట్టు అనిపిస్తే ఉడికించిన గుడ్డో, నూనె లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలో, పలుచటి పప్పో చేర్చండి. వేపుళ్లు, కారం, కాఫీ అన్నిటికంటే చివర, అవి కూడా ఒక్కొక్కటిగా.