"కోడింగ్ నాతోని కాదన్నా" అనే మాట పోవాలంటే ఏం చేయాలి?

ఇంటర్ దాకా మ్యాథ్స్‌లో దుమ్ము లేపిన పిల్లలే బీటెక్ మొదటి ఏడాది సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో కూర్చోగానే "నాతోని కాదన్నా" అంటారు. ఇంట్లోవాళ్లు ధైర్యం చెబుతారు, కాలేజీ వాళ్లు మోటివేషన్ స్పీచ్ పెట్టిస్తారు. రెండు రోజులకు అదంతా దిగిపోతుంది.

ఫలానా పని నేను చేయగలను అన్న నమ్మకం ఎక్కణ్నుంచి పుడుతుందో స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే సిద్ధాంతంగా చెప్పాడు. సొంతంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మకమున్నవాళ్లు చెప్పే మాట, ఆ సమయానికి మన ఒళ్లూ మనసూ ఉన్న తీరు: ఈ నాలుగే దానికి మూలాలు. అన్నిట్లోకీ బలమైంది మొదటిది. అందుకే ఎక్కువ శ్రమ అక్కడే పెట్టాలి.

1. పనుల చిట్టా రాసి మార్కులు వేసుకోండి

"కోడింగ్ రాదు" అంటే ఏం రాదో ఎవరికీ తెలియదు, అన్నవాడికి కూడా. కాగితం మీద విడివిడిగా రాయండి: ఫర్ లూప్‌తో ప్యాటర్న్ ప్రింట్ చేయగలనా, ఫంక్షన్‌కు అర్రే పంపగలనా, లింక్డ్ లిస్ట్‌లో (బాణాలతో ఒకదానికొకటి కలిపిన డేటా డబ్బాల గొలుసు) నోడ్, అంటే ఒక డబ్బా, డిలీట్ చేయగలనా. ఒక్కోదాని పక్కన 0 నుంచి 100 దాకా ఎంత నమ్మకముందో వేయండి. బందూరా తన కొలతల్లో వాడిన స్కేల్ కూడా ఇదే. పది పనుల్లో నాలుగైదు మీకు ముందే వచ్చని అక్కడే తేలిపోతుంది.

2. నలభై, యాభై వేసుకున్న పనిని పట్టుకోండి

పది వేసుకున్నదానితో మొదలుపెడితే దెబ్బ తింటారు, తొంభైదానితో ఒరిగేదేమీ లేదు. లింక్డ్ లిస్టే తీసుకుందాం. ల్యాప్‌టాప్ తెరవకుండా ముందు కాగితం మీద మూడు డబ్బాలు గీసి, బాణాలు వేయండి. మధ్య డబ్బా కొట్టేస్తే మొదటి డబ్బా బాణం మూడోదానికి తిప్పాలి. ఇది అందరికీ వస్తుంది. ఇప్పుడు మొదటి డబ్బా కొట్టేయండి. దానికి ముందు ఏ డబ్బా లేదు, మార్చాల్సింది హెడ్‌నే, అంటే మొదటి డబ్బాను చూపే బాణాన్నే. సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోవడం) వచ్చి చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. బొమ్మ గీసినవాడికి తప్పు ఏ లైన్‌లో ఉందో కనబడుతుంది, తనే దిద్దుకుంటాడు. ఎవరూ చెప్పకుండా దిద్దుకున్న ఆ ఒక్క ఎర్రర్ పది స్పీచ్‌ల పెట్టు.

ఈసీఈ, ట్రిపుల్ ఈ వాళ్లయితే హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక బ్రెడ్‌బోర్డ్, ఎర్ర ఎల్‌ఈడీ, 330 ఓమ్‌ల రెసిస్టర్ తెచ్చుకోండి. 5 వోల్టుల సప్లైలో ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోతే మిగిలేది 3. దాన్ని 330తో భాగిస్తే 9 మిల్లీ ఆంపియర్లు. మల్టీమీటర్ పెట్టి చూడండి. మీరు కాగితం మీద వేసిన లెక్కే కాస్త అటూ ఇటూగా మీటర్లో కనబడుతుంది.

ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాసినా, కోడ్ మొత్తం చాట్‌జీపీటీతో రాయించుకున్నా మార్కులు వస్తాయి కానీ చేశానన్న నమ్మకం రాదు. అడగాలనుకుంటే హింట్ మాత్రమే అడగండి, తర్వాత స్క్రీన్ మూసి మళ్లీ మీరే రాయండి. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి కోర్సు మీద కోర్సు చేరేవాళ్లకూ ఇదే మాట: మొదటి కోర్సు ప్రాజెక్ట్ పూర్తి కాకుండా రెండోదానికి ఫీజు కట్టకండి.

3. టాపర్‌ని వదిలేసి, మీలాంటి సీనియర్‌ని వెతకండి

తెలుగు మీడియంలో చదివి, ఒక సప్లీ రాసి గట్టెక్కిన అక్కో అన్నో మీ బ్రాంచ్‌లోనే ఉంటారు. "ఎట్ల చదివినవ్?" అని అడిగితే సలహాలిస్తారు. దాని బదులు "అన్నా, పక్కన కూర్చుంటా, నువ్వు డీబగ్ చేస్తుంటే చూస్త" అనండి. వాళ్లు కూడా తప్పు చేస్తారు, గూగుల్ చేస్తారు, మళ్లీ రన్ చేస్తారు. చూడాల్సింది అదే.

4. లెక్చరర్లు మాటను పనికి కట్టాలి

"గుడ్, కీపిట్ అప్" గాల్లో కలిసిపోతుంది. "లూప్ కండిషన్ బాగా పట్టినవ్, హెడ్ మారే కేసు ఒక్కటే మిగిలింది" అంటే పిల్లవాడు ఆ సాయంత్రమే కూర్చుంటాడు. "ఇంత ఈజీది రాదా?" మాత్రం క్లాసులో అనకండి. నమ్మకం మాటతో పెంచడం కష్టం, మాటతో కూల్చడం చాలా తేలిక.

5. వైవాకి ముందు గుండె దడ

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చేతులు వణకడం సబ్జెక్ట్ రాదనడానికి గుర్తు కాదు. ముందు రోజు రూమ్మేట్‌ని ఎగ్జామినర్‌గా కూర్చోబెట్టి జవాబులు పైకి చెప్పండి, రాత్రి నిద్రపోండి. వారాల తరబడి నిద్ర, తిండి సరిగా లేకపోతే అది వేరే సంగతి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం.

6. మిడ్ పరీక్షలు అయ్యాక చిట్టా మళ్లీ తీయండి

పాత అంకెలు కనబడకుండా కొత్తవి వేసి, తర్వాత పోల్చండి. ఎనభై వేసుకున్న ప్రోగ్రామ్‌ని పుస్తకం చూడకుండా ఒకసారి రాసి చూడండి. రాకపోతే అంకె తగ్గించి మళ్లీ సాధన చేయండి. డేటా స్ట్రక్చర్స్‌లో ఎనభై ఉన్నవాళ్లకి ఆపరేటింగ్ సిస్టమ్స్ మొదలవగానే ఇరవై పడటం మామూలే. ఆ సబ్జెక్ట్‌కి వేరే కాగితం తీసుకోండి.