విదేశీ చదువుల వీసా: దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

ముందుగా పాస్‌పోర్టు, పదో తరగతి మార్కుల జాబితా పక్కపక్కన పెట్టి పేరును అక్షరం అక్షరం సరిచూడండి. మన గోదావరి జిల్లాల్లో ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టడం అలవాటు. జాబితాలో ‘కె.’ అని, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే చిక్కు అక్కడే మొదలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే మరీ ఇబ్బంది: అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ముందే సరిచేయించుకోండి.

చేను అమ్మిన డబ్బును ఆఖరి వారంలో ఖాతాలో వేయకండి. బ్రిటన్‌కైతే చూపాల్సిన మొత్తం వరుసగా 28 రోజులు నిలిచి ఉండాలి. అమ్మకం దస్తావేజు నకలు దగ్గరుంచుకోండి.

అమెరికాకు ఐ-20 (కాలేజీ పంపే ప్రవేశ పత్రం) అందాక 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము కట్టి, రసీదుతో ఇంటర్వ్యూకు వెళ్లండి. దరఖాస్తు ఏజెంటు నింపినా ప్రతి జవాబూ మీరే చదవాలి, సంతకం మీది.

పొడిగింపు సంగతి: కెనడాలో స్టడీ పర్మిట్ (చదువు అనుమతి) గడువుకు కనీసం 30 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోండి. అమెరికాలో ఐ-20, విద్యార్థి హోదా చెల్లుతుంటే వీసా గడువు తీరినా చదువు ఆగదు. కానీ సంక్రాంతికి ఇంటికొస్తే, తిరిగి వెళ్లడానికి కొత్త వీసా కావాలి. టికెట్టు కొనే ముందే వీసా గడువు తేదీ చూసుకోండి.