బ్రిడ్జి పళ్లు కట్టించుకునే ముందు

• బ్రిడ్జి అంటే పన్ను పోయిన ఖాళీలో, పక్క పళ్లకు తొడుగులు వేసి వాటి ఆధారంగా నిలిపే కట్టుడు పన్ను. ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లకు ఎక్స్‌రే తీయించండి, బరువంతా మోసేవి అవే. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ముందు దానికి వైద్యం.

• తొడుగు పట్టేలా ఆ పక్క పళ్లను అరగదీస్తారు. పోయిన ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) మళ్లీ రాదు. అవి పుచ్చులేకుండా గట్టిగా ఉంటే ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిమీద పన్ను పెట్టడం) సంగతి కూడా అడగండి. ఖర్చు ఎక్కువే, అయినా అడిగితే పోయేదేముంది?

• పన్ను ఈమధ్యే పీకించారా? చిగురు మానాలి, మామూలుగా 2-3 నెలలు.

• షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గిల్టు నగలు పెడితే దురద వచ్చినా (బ్రిడ్జి లోహంలో నికెల్ ఉండొచ్చు) డాక్టరుకు చెప్పండి. మందులు సొంతంగా ఆపొద్దు.

• కట్టే పంటి రంగు పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ తుడిచి చూసుకోండి.

• తిని వెళ్లండి. మత్తు దిగకముందే నమిలితే బుగ్గ కొరుక్కుంటారు.