మన ఇంటి క్రిస్మస్ చెట్టు – మూడవ పాఠం: ఏ ఇంటి తీరు ఆ ఇంటిదే

గత పాఠంలో చెప్పిన ప్రకారం సరుగుడు కొమ్మను ఇసుక డబ్బాలో నిలబెట్టి, చిటారున నక్షత్రం కట్టిన వారిలో చాలామంది ఒకే ఫిర్యాదు చేశారు. రాత్రి నిటారుగా ఉన్న చెట్టు తెల్లవారేసరికి పండిన వరి కంకిలా తల వంచేసిందట. పాలకొల్లులో ఒకరి ఇంట నక్షత్రం కింద పేర్చిన పశువుల పాక బొమ్మల్లోని గొర్రెల మీదికి వాలింది. అమలాపురంలో మరొకరి ఇంట డబ్బాతో సహా చెట్టే గోడకు చేరబడింది. తప్పు నాదే. ఈ పాఠంలో వేర్వేరు కుటుంబాలు చెట్టును అలంకరించే తీరులను వివరిస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పను గానీ, వంగిన చెట్టు మీద ఎవరి తీరూ నిలవదు కనుక ముందుగా చెట్టును సరిచేసుకోవాలి.

మొదటి లోపం ఇసుకలో ఉంది. ఇసుకను తడిపి కూరాలన్న సంగతి అందరికీ తెలిసిందే అనుకుని నేను రాయలేదు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన వారికి తడి ఇసుకకూ పొడి ఇసుకకూ ఉన్న తేడా చెప్పాలా అనుకున్నాను. చెప్పాలని ఇప్పుడు తెలిసింది. పొడి ఇసుక ఎంత పోసినా కొమ్మ కదిలిన ప్రతిసారీ పక్కకు జారి చోటిస్తుంది. 20 లీటర్ల ఖాళీ రంగు డబ్బా తీసుకొని, అడుగున ఇటుక ముక్కలు పరచి, బోదెను వాటి మధ్య బిగించి, నాలుగేసి అంగుళాల మందాన ఇసుక పోస్తూ, నీళ్లు చిలకరిస్తూ, ప్రతి వరుసనూ కర్ర మొద్దుతో గట్టిగా కూరాలి. రెండు రోజులకొకసారి పైన కాసిని నీళ్లు చల్లితే సరిపోతుంది. దీపాల ప్లగ్గు గానీ, తీగల అతుకులు గానీ ఆ తడి డబ్బాకు దగ్గరగా ఉండకూడదు.

రెండవ లోపం చిటారు కొమ్మది. సరుగుడు కొన ఆ ఏడాది పెరిగిన లేత భాగం. అది గాలం కట్టే సన్నని గెడలా ఎటు లాగితే అటు వంగుతుంది. దాని మీద అట్ట నక్షత్రం, అందులో బల్బు, బల్బుకు తీగ చేరితే నిలబడమని అడగడం అన్యాయం. అందుచేత నక్షత్రాన్ని చెట్టుకు కట్టవద్దు. చెట్టు వెనుకవైపు, నడిమి నుంచి మొదలై చిటారు కంటే జానెడు ఎత్తుకు వచ్చేలా ఒక వెదురు బద్దను నిలిపి, బోదెకు మూడు చోట్ల పురికొసతో బిగించి, నక్షత్రాన్ని ఆ బద్దకు కట్టాలి. అప్పుడు బరువు మోసేది వెదురు. చెట్టు దానికి తోడుగా నిలుస్తుంది, అంతే. బద్దకు ఆకుపచ్చ రంగు వేయాలా అని ఒకరు అడిగారు. నేనైతే వేయను, ఎదుటి నుంచి చూసేవారికి అది కనబడదు.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి ఆరొకేరియా అనే క్రిస్మస్ చెట్టు మొక్కను కుండీతో తెచ్చుకున్నవారికి వంగే బాధ తక్కువ. దాని కొమ్మలు గొడుగు చువ్వల్లా వరుస మీద వరుసగా విచ్చుకుంటాయి. అయితే నక్షత్రం కూర్చోవడానికి చోటు కోసం దాని కొన తుంచవద్దు. కొన పోతే పక్క కొమ్మలు లేచి ఆ చోటును మునుపటిలా భర్తీ చేయవు, మొక్క రూపం శాశ్వతంగా చెడుతుంది. అక్కడ కూడా వెదురు బద్దే శరణ్యం.

ఇక తీరుల సంగతి. చెట్టును అలంకరించడానికి అసలు పద్ధతి ఏదో చెబితే అదే పాటిస్తామని కొందరు కోరారు. అసలు పద్ధతి అనేది ఒకటి ఉందన్న నమ్మకమే నాకు లేదు. స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఇళ్లలో నిలిపిన ఫర్ అనే సూదుల్లాంటి ఆకుల చెట్లను గురించి 1605 నాటి వర్ణన ఒకటి ఉంది. అందులో రంగు కాగితంతో కత్తిరించిన గులాబీలు, ఆపిల్ పండ్లు, పల్చని అప్పాలు, మిఠాయిలు కనబడతాయి గానీ దీపాల ఊసు లేదు. డెన్మార్క్ ఇళ్లలో తమ జాతీయ జెండా కాగితపు తోరణాలు, ఎరుపు తెలుపు కాగితపు పట్టీలను పడుగుపేకల్లా అల్లిన హృదయాకారాలు వేలాడతాయి. జర్మనీలో చాలా కుటుంబాలు డిసెంబరు 24 సాయంత్రం దాకా చెట్టును పిల్లల కంట పడనీయవు. మన దగ్గర సెమీ క్రిస్మస్‌ల సందడితో డిసెంబరు మొదటి వారానికే చెట్టు లేస్తుంది. ఇన్ని దేశాలు ఇన్ని రకాలుగా చేస్తుండగా మన వీధిలో పక్కింటి తీరు తప్పని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఎవరి తీరుకు తగిన బరువు, వరుస, చోటు వారు తెలుసుకోవడమే ఈ పాఠం.

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది పెట్టె ఇల్లు. అటక మీద ఒక రేకు పెట్టె ఉంటుంది. అందులో మెడ విరిగిన గాజు బంతి, సండే స్కూల్లో బహుమతిగా వచ్చిన బొమ్మ, కువైట్ నుంచి పిన్ని తెచ్చిన గంట, అంచులు పసుపెక్కిన గ్రీటింగ్ కార్డులు ఉంటాయి. ఏదీ మరొకదానితో కలవదు, ఏదీ పారవేయడానికి వీల్లేదు. మా ఇల్లు ఈ జాతికే చెందుతుంది కనుక నా పక్షపాతాన్ని ముందే ఒప్పుకుంటున్నాను. ఇక్కడ దీపాల తీగ మొదట చుట్టాలి, తరువాత బరువైనవి బోదెకు దగ్గరగా, లోపలి కొమ్మలకు కట్టాలి, తేలికైనవి బయటకు రావాలి. కార్డులను మాత్రం చెట్టుకు కట్టకుండా, వెనుక గోడ మీద దారం లాగి వేలాడదీస్తే చెట్టుకు ఊపిరాడుతుంది. మా ఇంట్లో మొదటి వస్తువును ఇంటి పెద్దవారే కడతారు. మా నాయనమ్మ ఆ మెడ విరిగిన బంతిని బోదె వైపు తిప్పి కట్టేది, విరిగిన చోటు ఎవరికీ కనబడేది కాదు.

ఒకే రంగు ఇల్లు గురించి చెప్పవలసింది తక్కువ. ఎరుపు, బంగారు రంగు లేదా నీలం, వెండి రంగు ఎంచుకుని అన్నీ కొత్తగా కొనేవారి పద్ధతి ఇది. ఇదంతా నిన్నమొన్నటి ఫ్యాషన్ అని పెద్దలు విసుక్కుంటారు గానీ, 1882లో న్యూయార్కులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి చెట్టుకు మొదటిసారి విద్యుద్దీపాలు పెట్టినప్పుడు కూడా ఆ 80 దీపాలకు ఎరుపు, తెలుపు, నీలం అనే మూడే రంగులు. బంతులన్నీ ఒకే పరిమాణంలో కొనకుండా మూడు పరిమాణాలలో కొనండి. అంతకుమించి నేను చెప్పేది లేదు.

నా మనసు నిలిచేది లేసు ఇంటి దగ్గర. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో అమ్మలు, అత్తలు, ఆడపడుచులు అరుగుల మీద కూర్చుని క్రోషియా సూదితో లేసు అల్లడం తరాలుగా ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ద్వారా ఇక్కడ వేళ్లూనిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బల్లగుడ్డలకు, దిండు గలీబులకు అల్లే ఆ వేళ్లే డిసెంబరులో అరచేతి వెడల్పు నక్షత్రాలు, గంటలు, మంచు పూలు అల్లుతాయి. పచ్చని సరుగుడు మీద తెల్లని దారపు నక్షత్రాలు ముప్పై వేలాడితే మరో అలంకారం అవసరం ఉండదు. బరువు లేని అలంకారం కాబట్టి సరుగుడుకు ఇంతకంటే తగిన తీరు నాకు కనబడలేదు.

అయితే లేసు మెత్తగా వేలాడితే చేతిరుమాలు ఆరేసినట్టుంటుంది, గంజి పెట్టాలి. అన్నం గంజి చాలదు, సగ్గుబియ్యం గంజి కావాలి. రెండు చెంచాల సగ్గుబియ్యాన్ని నానబెట్టి, గ్లాసున్నర నీటిలో గింజ తెల్లదనం పోయి అద్దంలా అయ్యేదాకా ఉడికించి, పల్చని గుడ్డలో వడగట్టాలి. లేసును అందులో ముంచి, పిండకుండా అరచేతుల మధ్య ఒత్తి, ప్లాస్టిక్ కవరు చుట్టిన థర్మోకోల్ పలక మీద పరచి, ఒక్కొక్క కొనను లాగి తుప్పు పట్టని గుండుసూదితో గుచ్చి, ఎండలో ఆరనివ్వాలి. ఇనుప సూది వాడితే ప్రతి కొన మీదా గోధుమ రంగు మచ్చ మిగులుతుంది. పంచదార పాకంతో గట్టిపరచమని చెప్పేవారు ఉన్నారు, వారి ఇంట్లో చీమలు ఉండవేమో. డిసెంబరు మంచుకు వరండాలో కట్టిన లేసు తెల్లారేసరికి మెత్తబడుతుంది కనుక ఈ చెట్టు హాల్లోనే ఉండాలి. పండుగ అయ్యాక గంజి పూర్తిగా పోయేలా ఉతికి, ఆరబెట్టిన తరువాతే పెట్టెలో దాచండి. గంజి రుచి మరిగిన బొద్దింక లేసుకూ అన్నానికీ తేడా చూడదు.

లేసు ఇంటివారే నన్ను ఎక్కువగా విసిగించే తప్పు కూడా చేస్తారు కాబట్టి ఇక్కడ ఆగి చెప్పాలి. ఎన్ని ఇళ్లకు వెళ్లినా ఇదే చూస్తున్నాను: బొమ్మను తెచ్చి, దారపు ముడిని సరుగుడు ఆకుకు తగిలిస్తారు. సరుగుడుకు మీరు ఆకు అనుకునేది ఆకు కాదు. అది పచ్చని సన్నని రెమ్మ, చెరకు గడలా కణుపులు కణుపులుగా ఉంటుంది. అసలు ఆకులు ఆ కణుపుల చుట్టూ పళ్లవరుసలా అంటుకున్న చిన్న పొలుసులు మాత్రమే. చిన్నప్పుడు అంతర్వేది దగ్గర సరుగుడు తోటల్లో మీరూ ఆడే ఉంటారు: రెమ్మను ఒక కణుపు దగ్గర ఊడదీసి, మళ్లీ అదే చోట దూర్చి, ఎక్కడ ఊడిందో చెప్పమని పందెం కట్టేవాళ్లం. ఆ ఆట ఎందుకు సాధ్యమైందో అందుకే మీ బొమ్మ కింద పడుతోంది. కణుపు ఉన్నచోట లాగితే ఊడుతుంది. గాజు బంతి తగిలిస్తే ఊడుతుంది. గంట తగిలిస్తే ఊడుతుంది. లేసు నక్షత్రం తేలికే కదా అని తగిలిస్తే, ఆ రోజు ఊడదు, నాలుగు రోజులకు రెమ్మ ఎండిన తరువాత పంకా గాలికి ఊడుతుంది. కొక్కెం పెద్దది చేస్తే ఊడదా అంటే, అప్పుడు రెమ్మ మీద నుంచి జారుతుంది. రెండు మూడు రెమ్మలు కలిపి ముడి వేస్తే అన్నీ కలిసి ఊడుతాయి. రెమ్మల కుచ్చును వేళ్లతో పక్కకు తోసి, లోపల గోధుమరంగు బెరడున్న పుల్లను పట్టుకోండి, ముడి దానికి వేయండి. పచ్చదానికి కట్టవద్దు, గోధుమరంగు దానికి కట్టండి. ఈ ఒక్క వాక్యం పిల్లల చేత కూడా చెప్పించండి.

చాక్లెట్లు, బిస్కెట్లు కట్టే ఇళ్లలో 24వ తేదీకి చెట్టు మీద ఖాళీ కాగితాలే మిగులుతాయి. నేనైతే 24 దాకా ఆ కాగితాల్లో దూదే చుట్టి కడతాను, ఆరాధనకు వెళ్లే ముందు మారుస్తాను. కొబ్బరాకుతో చిలకలు, గడియారాలు, బూరలు అల్లి కట్టే ఇళ్లు కోనసీమలో ఉన్నాయి. చూడముచ్చటైన తీరు, కానీ మూడు నాలుగు రోజుల్లో పచ్చదనం పోతుంది కాబట్టి 23న అల్లాలి. చెట్టే పెట్టని విశ్వాస కుటుంబాలు కూడా మన డెల్టాలో ఉన్నాయి. వారికి ఈ పాఠంతో పని లేదు, వారిని ఒప్పించే పని మనకూ లేదు.

అన్నిటికంటే కష్టమైనది రెండు పెట్టెల ఇల్లు. పెట్టె ఇంటి అబ్బాయికీ లేసు ఇంటి అమ్మాయికీ పెళ్లవుతుంది. మొదటి డిసెంబరులో అత్తగారు రేకు పెట్టె దించుతారు, కోడలు గంజి పెట్టిన నక్షత్రాలు తీస్తుంది. ఎదురెదురుగా చెరో సగం పంచుకుంటే చెట్టు తూర్పు ఒక ఊరు, పడమర ఒక ఊరు అవుతుంది. లోతును పంచుకోండి: బరువైన పెట్టె వస్తువులు లోపల బోదె దగ్గర, తేలికైన లేసు బయట కొమ్మల మీద. అత్తగారి వస్తువులు లేసు సందుల్లోంచి దీపపు వెలుగులో కనబడతాయి. "అత్తయ్యా, ముందు మీవే కట్టండి" అని కోడలు అన్నందువల్ల మర్యాదా నిలుస్తుంది, పని వరుసా అదే కనుక చేతికీ సులువు.

అభ్యాసం ఈసారి కొంచెం కఠినం. మీ చెట్టు మీద ఉన్నవన్నీ, దీపాలతో సహా, విప్పండి. వెదురు బద్ద కట్టి ఒక రాత్రి ఖాళీగా వదలండి. మర్నాడు పన్నెండు వస్తువులు మాత్రమే ఎంచుకొని, ఒక్కొక్కటి ఎవరు తెచ్చారో, ఏ ఏడాదిదో ఇంట్లోవారిని అడిగి కాగితం మీద రాయండి. ఆ పన్నెండింటినీ పచ్చదానికి తగలకుండా కట్టి, చెట్టు ఎదుట నిలబడి బోదెను పట్టుకుని పదిసార్లు గట్టిగా ఊపండి. ఏది పడినా అన్నీ విప్పి మొదటి నుంచి కట్టాలి. గాజు వస్తువులున్నవారు కింద పరుపు వేసుకోవచ్చు.